పరికరమును ప్రజ్ఞయు

పనివానికి పరికరము చేయు సహాయము రెండు విధములుగా నుండును. కొన్ని పరికరములు వాని బలమును పెంచును. కొన్ని వాని తప్పులను తగ్గించును. బలమును పెంచు పరికరమును గూర్చి మనకు పేచీ లేదు. గునపము చేతికి అందినందువలన త్రవ్వువాని గౌరవము తగ్గినదని ఎవరును అనరు. తప్పును తగ్గించు పరికరము విషయమున మాత్రము మనస్సున ఒక శంక పుట్టును. తప్పు చేయుటకు వీలే లేనప్పుడు ఒప్పు చేసినందుకు మెప్పు ఎవరికి చెందవలెను? పరికరమునకా, దానిని పట్టిన చేతికా? తప్పునకు తావు తగ్గినకొలది మనుష్యుని ప్రజ్ఞయు తగ్గుచు పోవునా? లేక అనవసరమైన తప్పులు తొలగుటచేత, అవసరమైన వివేకము మరింత స్పష్టముగా వెలికి వచ్చునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కంఠస్థమైన విద్యకు వ్రాత తోడు వచ్చినప్పుడును, వ్రాతప్రతి స్థానమును అచ్చు ఆక్రమించినప్పుడును, చేతిమగ్గమునకు మరమగ్గము పోటీగా నిలిచినప్పుడును లోకము దీనినే వేరువేరు మాటలలో అడిగినది. నేను విచారమునకై ఎన్నుకొన్న ఉదాహరణము మాత్రము తత్త్వచర్చలకు అలవాటైనది కాదు. అది పందెపుకారులోని గేరు రాడ్డు. కారులోపల బిగించిన కెమెరా తీసిన చలనచిత్రములను నేడు ఎందరో, ఆ పందెమున ఎవరు గెలిచిరన్న ఆసక్తి కూడ లేక, కేవలము ఆ చేతి కదలికకొఱకు, ఆ ధ్వనికొఱకు చూచుచున్నారు. ఒక ఇనుపకడ్డీని ముందుకు త్రోయుట, వెనుకకు లాగుట: ఇంతకు మించి అందులో చూడదగినదేమున్నది? పైకి అల్పముగా తోచు ఈ ఆకర్షణయందు మన ప్రశ్నకు సమాధానము కొంత దాగియున్నదని నా అభిప్రాయము.

చాలకాలము పందెపు ప్రేక్షకుడు బాట ప్రక్కన నిలిచి చూచెడివాడు. వానికి కనబడినది రంగు, దుమ్ము, ఒక్క మెఱుపు. కారు వచ్చుచున్నదని వినునంతలో అది పోయినదని తెలిసెడిది. నడుపువాడు వానికి ఒక శిరస్త్రాణము మాత్రమే. 1979వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ పట్టణము చెంత, మౌంట్ పనోరమా అను కొండబాటపై జరిగిన వేయి కిలోమీటర్ల పందెములో, టెలివిజన్ వారు పీటర్ విలియమ్సన్ నడిపిన టొయోటా సెలికా కారులో కెమెరాను అమర్చి, జరుగుచున్న పందెమును లోపలినుండి చూపిరి. అతడు కారు నడుపుచునే వ్యాఖ్యాతలతో మాటలాడెను. అప్పటినుండి ప్రేక్షకునకు సారథి ప్రక్కన ఒక ఆసనము దొరకినట్లయినది.

అట్టి చిత్రములలో రెండింటిని చెప్పెదను. 1988లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండమీదికి ఆరి వాటనెన్ అను ఫిన్లండు దేశీయుడు పెజో కారును నడిపెను. బాట కంకరది, మలుపులు 156, ప్రక్కన లోయ, గమ్యము సుమారు 4,300 మీటర్ల ఎత్తున. మరుసటి యేడు వెలువడిన ‘క్లైంబ్ డాన్స్’ అను ఫ్రెంచి లఘుచిత్రము ఆ ఆరోహణమును చూపినది. అందొకచోట ఎండ సూటిగా కంటబడగా, అతడు ఒక చేతిని కన్నులకు అడ్డముగా పట్టి, రెండవచేతితోనే కారును నడపుకొనిపోవును. చూచినవారు వేగమును మఱచిపోవచ్చును గాని ఆ చేతిని మఱవరు. రెండవది 1990లో మొనాకో నగరవీధులలో అయిర్టన్ సెన్నా నడిపిన మెక్లారెన్ కారులోని చిత్రము. అతని కుడిచేయి మాటిమాటికి స్టీరింగును విడిచి గేరు రాడ్డును చేరి మరల వచ్చుచుండును. ఆ లోపల ఎడమచేయి ఒక్కటియే కారును ఇరుప్రక్కల కంచెలకు తగులనీయక పట్టుకొనియుండును. ఈ రెండు చిత్రములయందును మన కన్ను బాటను విడిచి చేతిమీద నిలుచుట గమనింపదగినది.

ఈ అనుభవము మన సాహిత్యమునకు అపరిచితము కాదు. మహాభారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము పాఠకులకు తెలిసినదే. జూదమున రాజ్యమును కోల్పోయి, రూపము మారి, బాహుకుడను పేర నలుడు అయోధ్యాధిపతియైన ఋతుపర్ణుని కొలువున ఉండెను. దమయంతికి రెండవమారు స్వయంవరమను వార్త రాగా, రాజునకు ఒక్క పగటిలో విదర్భ చేరవలసివచ్చినది. రథముమీద బాహుకునితోపాటు రాజును, పూర్వము నలునికి సారథియై పిదప ఋతుపర్ణుని చేరిన వార్ష్ణేయుడును కూర్చుండిరి. త్రోవలో రాజు ఉత్తరీయము జారిపడెను. దానిని తెచ్చుటకై రథమును నిలుపుమని ఆయన కోరగా, అది యోజనము దూరము వెనుకబడినదని సారథి చెప్పెను. వార్ష్ణేయుడు పగ్గములు పట్టిన తీరును చూచి, రథధ్వనిని విని, ఇతడు దేవసారథియగు మాతలియా, లేక నలుడేనా యని తనలో తర్కించుకొనెను. విదర్భలో దమయంతి, రథము ఇంకను నగరు చేరకముందే, ఆ ధ్వనిని బట్టి వచ్చుచున్నవాడు నలుడు కావలెనని తలచెను.

ఒకే సారథ్యమునకు వీరు మూడు విధములైన ప్రేక్షకులు. ఋతుపర్ణునకు వేగము మాత్రమే తెలిసినది. అదియు తన వస్త్రము పోయిన తరువాత తెలిసినది. వార్ష్ణేయుడు విద్య తెలిసినవాడు; అతడు బాటను చూడలేదు, చేతిని చూచెను. దమయంతి చేతిని కూడ చూడలేదు. వినిన ధ్వనిలో మనుష్యుని గుర్తించెను. కారులోపలి చిత్రము ఈ మూడు స్థానములను ఒకే ప్రేక్షకునకు ఇచ్చుచున్నది. మొదట వేగమునకు అబ్బురపడినవాడు క్రమముగా చేతిని చూచుట నేర్చును. చేతిని చూచుట నేర్చినవాడు కడకు కన్నులు మూసికొని వినుచు, ఇది తొందరపాటు, ఇది నిబ్బరము అని చెప్పగలవాడగును. చేతి పని కంటికిని చెవికిని అందుచుండుటయే ఇందుకు కారణము. కావున ఆ చేయి నిజముగా ఏమి చేయుచున్నదో ఇప్పుడు పరిశీలింతము.

ఏ ఇంజనైనను కొన్ని వేగముల నడుమనే తన బలమును చక్కగా ఇయ్యగలదు. నిలిచిన బండిని కదల్చుటకు ఒక నిష్పత్తియు, పరుగెత్తు బండిని మరింత పరుగెత్తించుటకు వేరొక నిష్పత్తియు కావలెను. ఆ నిష్పత్తులే గేర్లు. మామూలు కారులో గేరు రాడ్డు ఇంగ్లీషు హెచ్ అక్షరపు గీతలవెంట కదలును. ఒకటవ గేరు ఒక మూల, రెండవది దాని క్రింద, మూడవది నడుమ పైభాగమున: ఇట్లు ప్రతి గేరునకును ఒక ఇల్లు కలదు. చేయి ఆ ఇంటిని చీకటిలోనైనను వెదకి పట్టుకొనవలెను. పందెపు వేగమున ఈ వెదకులాట ప్రమాదకరము. అయిదవ గేరునుండి నాలుగవదానికి రావలసిన చేయి తొట్రుపడి రెండవదానిలో పడినచో, చక్రముల వేగమే ఇంజనును దాని శక్తికి మించి త్రిప్పును. వాల్వులు వంగును, పిస్టనులు వానికి తగులును, లక్షల ఖరీదు చేయు ఇంజను ఒక్క క్షణమున తునాతునకలగును. తప్పు చేసినది అంగుళము దూరము తప్పిన చేయి. శిక్ష పడినది ఇంజనుకు.

సీక్వెన్షియల్ అని పందెములవారు పిలుచు గేరుబాక్సులో ఈ ఇండ్లు లేవు. రాడ్డునకు రెండే కదలికలు: వెనుకకు, ముందుకు. చాల పందెపుకార్లలో వెనుకకు లాగినచో పై గేరును, ముందుకు త్రోసినచో క్రింది గేరును పడును. వేగము పెరుగునప్పుడు దేహము వెనుకకు ఒరగును గనుక లాగుట సులభము. బ్రేకు వేసినప్పుడు దేహము ముందుకు తూలును గనుక త్రోయుట సులభము. లోపల గాడులు చెక్కిన ఒక డోలు కలదు. రాడ్డును ఒకమారు కదల్చినచో ఆ డోలు ఒక అంచె తిరుగును. గాడులలో నడచు పంగలు ప్రక్కకు జరిగి తరువాతి గేరును పట్టించును. మోటారుసైకిలు నడుపువారి ఎడమకాలికి ఈ పద్ధతి చిరపరిచితమే. నాలుగునుండి మూడునకు పోకుండ రెండునకు పోవుట ఇక్కడ సాధ్యము కాదు. ఆరవ గేరులో వచ్చి ఇరుకైన మలుపున రెండవ గేరులోనికి దిగవలసినవాడు నాలుగుమారులు త్రోయవలెను. ప్రేక్షకుడు ఆ నాలుగు దెబ్బలను లెక్కపెట్టుకొనవచ్చును. మెట్లను దాటి దూకుట లేదు. ఒక్కొక్క మెట్టు దిగవలసినదే.

ఇప్పుడు విషయము తేటపడును. గేరు మార్చు చేతికి ఎల్లప్పుడును రెండు ప్రశ్నలు ఎదురగును: ఎక్కడికి? ఎప్పుడు? హెచ్ ఆకారపు గేరుబాక్సు రెండింటికిని చేతినే సమాధానము అడుగును. సీక్వెన్షియల్ గేరుబాక్సు మొదటి ప్రశ్నను తానే పరిష్కరించి, రెండవదానిని మాత్రము మనుష్యునకు విడిచినది. స్థలములో తప్పు చేయుటకు వీలు పోయినది. కాలములో తప్పు చేయుటకు వీలు అట్లే నిలిచియున్నది. వేగము తగ్గకముందే తొందరపడి క్రింది గేరునకు దిగువాడు, యంత్రముననే వేరొక అడ్డు లేనప్పుడు, ఇంజనును ఇప్పుడును చెఱుపగలడు. ఆలస్యముగా దిగువాడు మలుపునుండి బలము లేక వెలువడును. రాడ్డు కదలిక ఎంత సులువైనదో, దానిని కదల్పవలసిన క్షణము అంత కఠినమైనది.

మరియొక విశేషము కలదు. రోడ్డుమీది కార్లలో, రెండు భాగముల వేగములను రాపిడిచేత ముందుగా సమము చేసి, పిదప వానిని మెల్లగా కలుపు వలయములు ఉండును. మన సంశయమును అవి సహించును. పందెపు గేరుబాక్సులలో సాధారణముగా వానిని ఉంచరు. పెద్ద ఇనుపదంతములు ఒకదానిలో ఒకటి దూకి పట్టుకొనవలసినదే. అందుచేత ఈ గేరుబాక్సునకు మెత్తని చేయి పనికిరాదు. జంకుచు, సగము త్రోసి సగము ఆగిన చేయి ఆ దంతముల అంచులను అరుగదీయును. గట్టిగా, ఒక్క ఊపున, సందేహము లేక కదల్చిన చేయి వానిని కాపాడును. యంత్రము పట్ల దయ చూపుచున్నానని తలచి మెల్లగా కదల్చువాడే యంత్రమును పాడుచేయువాడగుట మొదట వింతగా తోచును. కాని ఆలోచించి చూచినచో, లోకవ్యవహారమునను కొన్ని కార్యములు ఇట్టివే. నిశ్చయించుటకు ముందు ఎంతయైనను సందేహింపవచ్చును. చేయి కదలిన పిమ్మట సందేహించుట అపకారము.

ధ్వనిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. రోడ్డుకార్ల గేర్లకు పండ్లు ఏటవాలుగా కోయబడియుండును. ఒక పన్ను మెల్లమెల్లగా మరియొకదానిని తాకును గనుక వాని మ్రోత చెవికి అందదు. కాని ఆ ఏటవాలుతనము వలన ఇరుసువెంబడి ఒక ప్రక్కకు ఒత్తిడి పుట్టును. పందెపుకార్లలో పండ్లను తిన్నగా కోయుదురు. ఒత్తిడి తొలగును, దానికి బదులుగా, వేగముతోపాటు హెచ్చుచు, ప్రతి గేరునకును మరల తగ్గి మొదలగు ఒక కీచు రాగము పుట్టును. ఆ రాగమును ఎవరును సౌందర్యముకొఱకు కల్పింపలేదు. అది పనినుండి పుట్టినది. పనిని గూర్చి నిజము చెప్పును. ఈ చిత్రములలో సంగీతమును జోడించినచో రసికులు విసుగుకొనుటకు కారణము ఇదియే. దమయంతి వినిన ధ్వనియు రథపు అలంకారపుగంటలది కాదు గదా.

దీనికి ఇరుప్రక్కలనుండి ఆక్షేపణలు రావచ్చును. మొదటివాడు ఇట్లనును: “స్థలమును, కాలమును రెండింటిని చేతితో సాధించినవాడే నిజమైన సారథి. ఆ రాడ్డునకు ఇండ్లు తీసివేసిననాడే విద్య సగము పోయినది. మిగిలినదానిని మెచ్చుట బీదతనమును మెచ్చుట.” రెండవవాడు ఇట్లనును: “యంత్రము మనుష్యునికంటె త్వరగాను, తప్పు లేకుండను గేరు మార్చగలదు. అట్టిచో రాడ్డును చేతికి ఉంచుట వట్టి వేషము. చేయి చేయు పనిని యంత్రమునకిచ్చి, చేతికి విశ్రాంతినిండు.” ఇద్దరి మాటలయందును సత్యము కొంత కలదు. పందెముల చరిత్రయే వీరికి ఏమని బదులిచ్చినదో చూతము.

1989 మార్చిలో బ్రెజిల్ దేశపు పందెమున ఫెరారి వారు జాన్ బర్నార్డ్ రూపొందించిన క్రొత్తకారును దింపిరి. అందు గేరు రాడ్డు లేదు. స్టీరింగు వెనుక వ్రేళ్లకందు రెండు రెక్కలు మాత్రమున్నవి. ఒకదానిని నొక్కినచో పై గేరు, మరియొకదానిని నొక్కినచో క్రింది గేరు. నైజెల్ మాన్సెల్ ఆ కారుతో తొలి పందెముననే గెలిచెను. చేతులు రెండును స్టీరింగుపైననే నిలుచుట గొప్ప లాభము. కొద్ది యేండ్లలో ఆ తరగతియందు రాడ్డు మాయమైనది. పిమ్మట ఇంకొక మెట్టు ఎక్కిరి. ఎప్పుడు మార్చవలెనో కూడ యంత్రమే తెలిసికొని మార్చునట్టి ఏర్పాటునకు 2001లో అనుమతి దొరకినది. సారథి వేగమును పెంచుచు పోవుటయే. గేర్లు తమంతట తాము పడుచుండెను. కాని నియమములు చేయువారు 2004నుండి దానిని నిషేధించిరి. గేరు ఎంత త్వరగా పడవలెనన్న విషయమున యంత్రమునకు అడ్డు లేదు. పడవలెనను ఆజ్ఞ మాత్రము మనుష్యుని వ్రేలినుండియే రావలెను. వారు తత్త్వవేత్తలు కారు. పందెము పందెముగా నిలువవలెనన్న పట్టుదలయే వారిది. అయినను మన ప్రశ్నయందు గీత గీయవలసిన తావునే వారు గీసిరి. చేతి శ్రమను యంత్రమునకు ఇచ్చిరి, క్షణనిర్ణయమును ఇయ్యలేదు.

2022వ సంవత్సరమున మరియొక చిత్రమైన సంగతి జరిగినది. అమెరికాలో నాస్కార్ వారి ప్రధాన పందెములలో అంతవరకు నాలుగు గేర్ల హెచ్ ఆకారపు రాడ్డు వాడుకలో నుండెను. ఆ యేట దానిని తీసివేసి అయిదు గేర్ల సీక్వెన్షియల్ రాడ్డును ప్రవేశపెట్టిరి. అదే యేట ప్రపంచ ర్యాలీ పందెములలో అత్యున్నత తరగతి కార్లకు, అంతవరకున్న వ్రేలిరెక్కలను తొలగించి, అయిదు గేర్ల సీక్వెన్షియల్ రాడ్డును చేతికి మరల ఇచ్చిరి. అక్కడ ఖర్చు తగ్గించుట ముఖ్యోద్దేశము. ఒకరు ప్రాతపద్ధతినుండి ముందుకు నడచి, మరియొకరు క్రొత్తపద్ధతినుండి వెనుకకు నడచి, ఒకే చోట కలిసికొనిరి. ఈ కలయికకు నేను పెద్ద అర్థమును కల్పింపను. కాని చేతికి పనియు, పనికి క్రమమును, క్రమమునకు మనుష్యుని నిర్ణయమును మూడును ఒక్కచోట నిలుచు తావు ఒకటి కలదని మాత్రము ఇందువలన తెలియుచున్నది. ప్రేక్షకులకు ఆ రాడ్డుపై గల మక్కువకు మూలము ఇదియే యని నేను తలచుచున్నాను. అక్కడ నిర్ణయము కంటికి కనబడును.

అట్లయినచో రాడ్డు లేనిచోట విద్య లేదా? ఉన్నది. ఇందులకు నిదర్శనము మన దేశముననే కలదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ తీరపు వీధులలో, ఫార్ములా ఈ విద్యుత్కారుల పందెము జరిగినది. అట్టి పందెము భారతదేశమున అదియే మొదటిది. ఆ కార్లకు ఉన్నది ఒక్కటే గేరు, మార్చవలసినదే లేదు. చెవులు చిల్లులుపడు మ్రోతకు అలవాటుపడినవారికి అది నిశ్శబ్దమువలె తోచియుండును. కాని గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్, వెనుక తరుముచున్న నిక్ కాసిడీకంటె తక్కువ విద్యుత్తు మిగిలియున్నను, కడవరకు దారి విడువక నిలిచెను. ఎక్కడ విద్యుత్తును వ్యయింపవలెను, ఎక్కడ బ్రేకు వేసి దానిని తిరిగి కూడబెట్టవలెను, ఎప్పుడు తరుమువానికి ఎదురు నిలువవలెను అన్నవే అక్కడి నిర్ణయములు. నిర్ణయము చేతినుండి తొలగి లెక్కలోనికి పోయినది, నశింపలేదు. నష్టము వేరొకటి. ఆ నిర్ణయము కంటికిని చెవికిని అందదు. వార్ష్ణేయుడు ఆ కారులో కూర్చున్నచో దేనిని చూచి సారథిని గుర్తించును? పరికరము మారినప్పుడు విద్య పోవుట అరుదు. విద్యను గుర్తించు శక్తి పోవుట తరచు. విద్యను గుర్తింపలేని సమాజము, ఉన్న విద్యకు జీతమును గౌరవమును ఇచ్చుట క్రమముగా మానివేయును. మరమగ్గమునుండి కంప్యూటరు వరకు పనివారికి జరిగిన అన్యాయములలో ఇది ఒకటి.

నా వృత్తినుండియే ఒక ఉదాహరణము నిచ్చుట అప్రస్తుతము కాదనుకొందును. అనువాదకుడు మూలపు క్రమమునకు కట్టుబడినవాడు. వాక్యము తరువాత వాక్యము. ఒకదానిని విడిచి వేరొకదానికి దూకుటకు అతనికి హక్కు లేదు. కాని ఆ క్రమములో అడుగడుగున అతనికి నిర్ణయములు ఎదురగును. హిందీలో ‘కల్’ అను చిన్నమాటకు నిన్న యనియు, రేపు అనియు రెండర్థములు. తెలుగున ఆ రెండింటిని ఒక్కమాటలో ఇముడ్చుటకు వీలులేదు. క్రియను చూచి చాలచోట్ల నిశ్చయింపవచ్చును. క్రియ లేనిచోట, ఒక ముసలితల్లి నోట ఒంటరిగా వెలువడిన పలుకులో, అది గడచినదానికై నిట్టూర్పో, రానున్నదానికై ఎదురుచూపో అనువాదకుడు తేల్చవలెను. నేడు అనువాదయంత్రములు పుట ఒకటిని క్షణమున తెలుగు చేసి ముందుంచుచున్నవి. నిఘంటువులో మాటను వెదకు శ్రమను అవి తగ్గించినచో మేలే. అది ‘ఎక్కడ’ అను ప్రశ్నకు చెందిన శ్రమ. కాని నిన్నయో రేపో కూడ యంత్రమే తేల్చి, ఆ తేల్చినట్లు మనకు తెలియకుండ పుటలో కలిపినప్పుడు, ఆ తల్లి దుఃఖమునకు ఎవరు పూచీ? యంత్రము పూచీ పడదు. పూచీ పడవలసిన మనుష్యునకు నిర్ణయము జరిగినదన్న సంగతియే తెలియదు. తప్పు జరుగుటకంటె ఇది పెద్ద అపాయము. తప్పు తనదని చెప్పగలవాడు లేకపోవుట.

కావున పరికరము తప్పులను తగ్గించునా యని అడిగి ఊరకుండరాదు. ఏ తప్పును తగ్గించును, ఏ నిర్ణయమును చేతికి మిగుల్చును, ఆ నిర్ణయమునకు ఎవరు జవాబుదారి యగును అని మూడును అడుగవలెను. సీక్వెన్షియల్ రాడ్డు మొదటి ఆక్షేపకునకు ఇచ్చు సమాధానము ఇది: ఇల్లు వెదకుటలో జరుగు తొట్రుపాటు సారథ్యములోని ముఖ్యవిద్య కాదు, అది తొలగినందున క్షణజ్ఞానము మరింత తేటగా కనబడుచున్నది. రెండవ ఆక్షేపకునకు ఇచ్చు సమాధానము ఇది: చేతికి విశ్రాంతినిచ్చుట మంచిదే, కాని కర్తకే విశ్రాంతినిచ్చినచో రథమున అందరును ప్రయాణికులే యగుదురు. ఎవడు నడిపెనని అడిగినప్పుడు బదులు చెప్పుటకు ఒకడైనను ఉండవలెను.

ప్రేక్షకులమైన మనకును ఒక హెచ్చరిక అవసరము. కారులోపలి చిత్రము చూచువానికి తానే నడుపుచున్నట్లు భ్రమ కలుగును. ఇంటిలో కుర్చీపై కూర్చుండి, మలుపునకు ముందు తన పాదమును నేలకు అదుముకొనుచు, అతడు ఆలస్యముగా దిగెనని తీర్పు చెప్పుట సులభము. మనకు దెబ్బ తగులదు. ఆ ఎండ మన కంటబడదు. ఆ వేడియు, ఆ అలసటయు మన దేహమునకు తెలియవు. చూచుట చేయుట కాదు. కెమెరా చేతిని చూపును గాని, ఆ చేయి కదలుటకు ముందు మనస్సున జరిగినదానిని చూపజాలదు. ఈ తారతమ్యమును మఱచిన మక్కువ ఉత్త వినోదమై పోవును. రాడ్డును ప్రేమించువారిలో కొందరు దానిని పూర్వకాలపు చిహ్నముగా పూజించి, క్రొత్తదానినెల్ల నిందింతురు. అదియు తగదు. నలుడు మెచ్చుకోలునకు పాత్రుడైనది గుఱ్ఱపు రథమును నడిపినందుకు కాదు. గుఱ్ఱము హృదయమును ఎఱిగినందుకు.

ఆ కథలో ఋతుపర్ణుని పాత్ర ఉత్తరీయముతో ముగియలేదు. వేగమును చూచి విస్మితుడైన ఆ రాజు దారిలో తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కించి తన విద్యను చూపెను. తన అక్షహృదయమును నలునకిచ్చి, బదులుగా అశ్వహృదయమును కోరెను. వెంటనే దానిని గ్రహింపక, నలునివద్దనే నిక్షేపముగా ఉంచి, విదర్భలో నలుడు తన రూపమును పొందిన పిమ్మట స్వీకరించెను. మొదట ఉత్తరీయముకొఱకు రథమును ఆపుమన్నవాడు, కడపట పగ్గములు పట్టు విద్యను అడిగినవాడైనాడు. ప్రక్కన కూర్చుండి చూచిన ఆ ఒక్కపగలు ఆయనకు వ్యర్థము కాలేదు.